1939 హాలీవుడ్ సినిమాలు ఆరు ఆదివారాలు: ఏవి వేయాలి, ఎలా వేయాలి?

సాగర_తీరం

అందరికీ నమస్కారం. హాలీవుడ్‌కి 1939ని మించిన ఏడాది లేదని చాలామంది అంటారు కదా. ఆ ఒక్క ఏడాది సినిమాలే తీసుకుని విశాఖలో వరసగా ఆరు ఆదివారాలు వేయాలనుకుంటున్నాం. సిరిపురం వైపు చిన్న హాలు దొరికింది. 80 కుర్చీలు, ఏసీ ఉంది. తెర 16:9, వెడల్పు 12 అడుగులు. ప్రొజెక్టర్ సింగిల్ చిప్ డీఎల్‌పీ, డబ్బా మీద 3,500 ల్యూమెన్లు అని రాసి ఉంది. స్పీకర్లు మీటింగులకు వాడేవే, తెరకు చెరోపక్క ఒకటి. బ్లూ-రే ప్లేయరూ ఉంది, ల్యాప్‌టాపూ ఉంది. వచ్చేవాళ్లలో సగం మంది కాలేజీ పిల్లలు, సగం మంది రిటైరైన పెద్దలు. ఆ కాలపు ఇంగ్లీషు డైలాగు వేగం ఇద్దరికీ కష్టమే కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ మేమే తయారు చేస్తాం.

మూడు సంగతులు చెప్పండి. ఏ ఆరు సినిమాలు, ఏ వరసలో? ఈ సామానుతో ఆనాటి బొమ్మను పాడుచేయకుండా చూపించడం ఎలా? తెలుగు సబ్‌టైటిల్స్‌లో ఎక్కడెక్కడ దెబ్బతింటాం? ఆస్కార్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది, అది వద్దండీ.

నాలుగో_వరస

విడుదలైన నెలల వరసలోనే వేయండి. అప్పుడు ఆ ఏడాది జనం కళ్లముందు నెలనెలా నడుస్తుంది. నా ఎంపిక: స్టేజ్‌కోచ్ (మార్చి, 96 నిమిషాలు), వదరింగ్ హైట్స్ (ఏప్రిల్, 104), ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్ (మే, 121), ద విజార్డ్ ఆఫ్ ఓజ్ (ఆగస్టు, 102), మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్ (అక్టోబర్, 129), నినోచ్‌కా (నవంబర్, 110).

ఈ వరసలో ఒక విశేషం ఉంది. మీ నాలుగో ఆదివారానికీ ఐదో ఆదివారానికీ మధ్య, అంటే 1939 సెప్టెంబర్ 1న, యూరప్‌లో యుద్ధం మొదలవుతుంది. ఓజ్ వచ్చేసరికి శాంతి, స్మిత్ వచ్చేసరికి యుద్ధం. ఐదో వారం మొదట్లో ఈ ఒక్క మాట చెప్పి ఊరుకోండి. చట్టసభలో ఒక్కడు నిలబడి గొంతు పోయేదాకా మాట్లాడటం ఆ రోజున చూసినవాళ్లకి ఎలా తగిలిందో హాలుకు దానంతటదే అర్థమవుతుంది.

గాన్ విత్ ద విండ్ కావాలనే తీసేశాను. అది ఉంటే మిగతా అయిదూ దానికి పక్కవాద్యం అయిపోతాయి. 1939 గొప్పదనం శిఖరాల్లో కంటే మట్టంలో ఉంది. ఆ ఏడాది ఒక మామూలు శుక్రవారం వచ్చిన సినిమాకి కూడా స్క్రిప్టు, లైటింగు, చిన్న పాత్రల నటన ఏ స్థాయిలో ఉండేవో చూపించాలి. శబ్దం వచ్చి పదేళ్లు దాటింది, మైకు కోసం కెమెరాను కట్టేసే రోజులు పోయాయి. హిట్లర్ దెబ్బకు, అంతకుముందు డబ్బు కోసమో వేరే కారణాలతోనో, యూరప్ నుంచి వచ్చిన పనివాళ్లు అప్పటికే అక్కడ స్థిరపడ్డారు: బెర్లిన్ నుంచి దర్శకుడు లూబిచ్, రచయిత బిల్లీ వైల్డర్, వియన్నాలో పుట్టిన సంగీతకారుడు మాక్స్ స్టైనర్. సరిగ్గా ఆ ఏడాదే టెక్నికలర్‌కి ఎక్కువ వేగం ఉన్న ఫిల్ము రావడంతో మునుపటి కంటే తక్కువ లైటుతో రంగుల్లో తీయగలిగారు. ఇవన్నీ ఒకచోట కలిశాయి.

ఇది జనానికి తెలియాలంటే వాళ్ల చేతికి ఒక దారం ఇవ్వండి. ఆ దారం పేరు థామస్ మిచెల్. ఒక్క 1939లోనే అయిదు పెద్ద సినిమాల్లో ఉన్నాడు. స్టేజ్‌కోచ్‌లో తాగుబోతు డాక్టరు, ఓన్లీ ఏంజెల్స్‌లో చూపు మందగించిన పైలట్, స్మిత్‌లో విలేకరి, గాన్ విత్ ద విండ్‌లో స్కార్లెట్ తండ్రి, ద హంచ్‌బ్యాక్ ఆఫ్ నోత్రదామ్‌లో బిచ్చగాళ్ల రాజు. డాక్టరు వేషానికి ఉత్తమ సహాయ నటుడి ఆస్కార్ వచ్చింది. నా జాబితాలో మూడుసార్లు కనిపిస్తాడు. మొదటి వారం ఏమీ చెప్పొద్దు. మూడో వారం "ఈయన్ని ఎక్కడో చూశామే" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడి నుంచి వాళ్లే వెతుక్కుంటారు. మూడో వారం చూసిన జీన్ ఆర్థర్ కూడా అయిదో వారం మళ్లీ వస్తుంది.

భారతదేశం నేపథ్యంగా తీసినవి కూడా ఆ ఏడాది ఉన్నాయి. ద రెయిన్స్ కేమ్ కథ రాంచీపూర్ అనే కల్పిత సంస్థానంలో జరుగుతుంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి పోటీ పెట్టి ఇచ్చిన మొదటి ఆస్కార్ ఓజ్‌నీ గాన్ విత్ ద విండ్‌నీ కాదని దాని భూకంపానికీ వరదకీ దక్కింది. ఏడో వారం కుదిరితే అది వేయండి. గంగా దీన్ మాత్రం ఉట్టినే వేయకండి. తెల్లనటుడు ముఖానికి రంగు పూసుకుని మన నీళ్లు మోసేవాడి వేషం కట్టిన సినిమా అది, ఇక్కడ అప్పట్లోనే నిరసన ఎదుర్కొంది. వేస్తే చర్చతోనే వేయాలి.

తెర_వెనక

జాబితా బాగుంది. నేను బొమ్మ, శబ్దం సంగతి చెబుతాను.

ముందు తెర కొలత. 1939 బొమ్మ నిష్పత్తి 1.37:1. మీ తెర ఎత్తు 6 అడుగుల 9 అంగుళాలు. ఆ ఎత్తుకి బొమ్మ వెడల్పు 9 అడుగుల 3 అంగుళాలే వస్తుంది. రెండు పక్కలా పదహారున్నర అంగుళాల చొప్పున ఖాళీ మిగులుతుంది. డీఎల్‌పీలో ఆ ఖాళీ నల్లగా ఉండదు, బూడిద రంగులో వెలుగుతుంది, దానివల్ల బొమ్మలోని నలుపు కూడా వెలిసినట్టు కనిపిస్తుంది. 18 అంగుళాల వెడల్పు, 7 అడుగుల పొడవుతో నల్ల వెల్వెట్ గుడ్డ రెండు ముక్కలు తీసుకోండి. పైనా కిందా చెక్క పట్టీ కొట్టి, తెర అంచులకు వేలాడదీయండి. గుడ్డ బొమ్మ అంచుమీదికి అర అంగుళం వచ్చేలా పెడితే గీత గీసినట్టు ఉంటుంది. మొత్తం ఏర్పాటులో తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా చూపించేది ఇదే.

"తెరంతా నిండలేదే" అని ఎవరో ఒకరు రిమోట్ అందుకుంటారు. సాగదీస్తే ముఖాలు 30 శాతం వెడల్పవుతాయి. జూమ్ చేస్తే ఎత్తులో దాదాపు నాలుగో వంతు పోతుంది, తలలూ కాళ్లూ తెగుతాయి. ఈ తప్పు పెద్దవాళ్లూ చేశారు. 1967లో గాన్ విత్ ద విండ్‌ని 70 ఎంఎంకి పెంచినప్పుడు పైనా కిందా కోసేశారు. ప్రొజెక్టర్‌లోనూ ప్లేయర్‌లోనూ నిష్పత్తి సెట్టింగు ఒక్కచోటే ఉండాలి. రెండుచోట్లా ఉంటే ఒకటి ఇంకోదాన్ని పాడుచేస్తుంది. ప్రొజెక్టర్‌ని 16:9 దగ్గర వదిలేసి, నల్ల పట్టీలు డిస్కు నుంచే రానివ్వండి.

వెలుతురు సరిపోతుంది. మీ తెర 81 చదరపు అడుగులు. సినిమా హాలు తెర వెలుగుకి ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు అనుకుంటే తెరమీద 1,134 ల్యూమెన్లు పడితే చాలు. డబ్బా మీది 3,500 అంకె అన్నిటికంటే ప్రకాశవంతమైన మోడ్‌ది. ఆ మోడ్‌లో తెలుపు ఆకుపచ్చగా కొడుతుంది. సినిమా మోడ్‌లో అందులో సగమే వచ్చినా మీకు ఇంకా మిగులే. సినిమా మోడ్, కలర్ టెంపరేచర్ 6500 పెట్టండి. బ్రిలియంట్ కలర్, డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ నాలుగూ ఆపేయండి. నాయిస్ రిడక్షన్ ఫిల్ము రేణువును మురికి అనుకుని తుడిచేస్తుంది, దాంతో చర్మం మైనం ముద్దలా తయారవుతుంది. సింగిల్ చిప్‌లో రంగుల చక్రం తిరుగుతుంది కాబట్టి నలుపు-తెలుపు సినిమాలో తెల్ల అంచుల దగ్గర కొందరికి ఎరుపు-ఆకుపచ్చ తళుకు కనిపిస్తుంది. అది పూర్తిగా పోదు. చక్రం వేగం పెంచే సెట్టింగు ఉంటే పెంచండి, ముందు రెండు వరసలు ఖాళీగా ఉంచండి.

ల్యాప్‌టాప్ కంటే బ్లూ-రే ప్లేయరే మేలు. ల్యాప్‌టాప్ తప్పదంటే రిఫ్రెష్ రేటు 24కి మార్చండి. 60లో వదిలేస్తే కెమెరా మెల్లగా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. ఇంకో ఉచ్చు: ల్యాప్‌టాప్ నలుపు నుంచి తెలుపుకి 0–255 అంకెలు పంపిస్తూ ప్రొజెక్టర్ 16–235 ఆశిస్తుంటే నీడలన్నీ తారు పోసినట్టు మూసుకుపోతాయి. వదరింగ్ హైట్స్ దీనికి మంచి పరీక్ష. గ్రెగ్ టోలండ్‌కి ఆస్కార్ తెచ్చిన ఫొటోగ్రఫీ అది. కొవ్వొత్తి వెలుగున్న గదుల్లో వెనక గోడా, దూలాలూ లీలగా కనిపించాలి. కనిపించకపోతే సెట్టింగు తప్పినట్టు.

డిస్కులు కొనేటప్పుడు కోడ్ చూసుకోండి. బ్లూ-రేల్లో అమెరికాది ఏ, మనది సి. ఏ మాత్రమే అని ఉన్న డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడదు. 4కె డిస్కులకు ఈ గొడవ లేదు. పాత పాల్ (మన టీవీ పద్ధతి) డీవీడీ వాడొద్దు. సెకనుకి 24 ఫ్రేములు నడవాల్సింది అందులో 25 నడుస్తాయి. 96 నిమిషాల స్టేజ్‌కోచ్ 92 నిమిషాల్లో అయిపోతుంది, అందరి గొంతూ కాస్త సన్నబడుతుంది.

శబ్దం. ఇవన్నీ మోనో, అంటే ఒకే చానెల్ శబ్దం. డిస్కులో 5.1 కూడా ఇచ్చి ఉంటారు, మీరు మోనో ట్రాకే ఎంచుకోండి. రెండు స్పీకర్లలో ఒకటి తీసేసి, రెండోదాన్ని తెర కింద సరిగ్గా మధ్యలో పెట్టండి. రెండూ ఉంచితే పక్క కుర్చీల్లో వాళ్లకి మాట మనిషి నోట్లోంచి కాక గోడలోంచి వస్తుంది. ఆ కాలంలో ఫిల్ము అంచున ముద్రించిన ఆప్టికల్ శబ్దం ట్రాకులో 8 కిలోహెర్ట్జ్ పైన పనికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు, బుస తప్ప. మిక్సర్‌లో ట్రెబుల్ తగ్గించండి. మాట స్పష్టత కోసం 2–3 కిలోహెర్ట్జ్ దగ్గర కొద్దిగా ఎత్తండి. సబ్‌వూఫర్ అక్కర్లేదు.

చివరగా ఒకటి. స్టేజ్‌కోచ్‌లో జాన్ వేన్ మొదటిసారి కనిపించే షాట్‌లో ఆయన రైఫిల్ తిప్పుతుండగా కెమెరా దూసుకుంటూ ముఖం మీదికి వెళుతుంది. దారిలో ఒక్క క్షణం ఫోకస్ జారి మళ్లీ కుదురుకుంటుంది. అది అసలు సినిమాలోనే ఉంది. ప్రొజెక్టర్ దగ్గర కూర్చునేవాళ్లకి ముందే చెప్పండి, చెయ్యి లెన్సు మీదికి వెళ్లకూడదు. ఆ సినిమా మంచి ప్రతుల్లో కూడా గీతలుంటాయి, వాటికీ కంగారు పడొద్దు.

ఒత్తులు_దీర్ఘాలు

సబ్‌టైటిల్స్ గురించి.

ముందు ఫాంటు పరీక్ష. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. తర్వాత ఒక డమ్మీ ఫైల్లో "స్త్రీ, రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మణుడు" అని రాసి మీ ప్లేయర్‌లో వేయండి. "స్వాతంత్ర్యం"లో ఒత్తులు విడిపోయి "స్వాతంత్‌ర్‌యం" అని వస్తే ఆ ప్లేయర్‌కి తెలుగు కూర్పు రాదన్నమాట. చాలా బ్లూ-రే ప్లేయర్లకీ టీవీలకీ రాదు. అలాంటప్పుడు అక్షరాలను వీడియోలోనే ముద్రించుకోవడం ఒక్కటే దారి. నోటో శాన్స్ తెలుగు గానీ నిర్మలా గానీ వాడండి. ఇంగ్లీషుకి సరిపోయే లైన్ల ఎడం మనకి చాలదు. పై లైను ఒత్తులు కింది లైను గుడులకు తగులుతాయి, అందుకని ఎడం ఒకటిన్నర రెట్లు పెట్టండి. ఇంత సన్నని బొమ్మలో లైనుకి 28–30 అక్షరాలు మించొద్దు, రెండు లైన్లు మించొద్దు. అక్షరం తెలుపు, చుట్టూ నల్ల అంచు.

టైమింగు జారడం ఇంకో పెద్ద తలనొప్పి. 25 ఫ్రేముల డీవీడీకి చేసిన ఫైలు 24 ఫ్రేముల బ్లూ-రేకి పెడితే గంటకి రెండున్నర నిమిషాలు తేడా వస్తుంది. మొదటి డైలాగు సరిపోయింది కదా అని వదిలేస్తే అరగంటకి మాటొకచోట, అక్షరమొకచోట. ముందుకీ వెనక్కీ జరిపితే కుదరదు, ఫ్రేమ్ రేటు మార్చాలి. సబ్‌టైటిల్ ఎడిట్‌లో ఆ సదుపాయం ఉంది. సరిచూసేటప్పుడు మొదటి డైలాగు, చివరి డైలాగు రెండూ చూడండి.

ఇక అనువాదం. అసలు పని ఇక్కడ ఉంది. ఇంగ్లీషులో ఒకే "యూ" ఉంటుంది. మనకి నువ్వు, మీరు రెండూ ఉన్నాయి, ప్రతి డైలాగు దగ్గరా మీరు ఒక నిర్ణయం తీసుకోక తప్పదు. స్టేజ్‌కోచ్‌లో డాలస్ అనే ఆమెను ఊరు వెళ్లగొడుతుంది, బండిలో పెద్దమనుషులు ఆమె పక్కన కూర్చోడానికి కూడా ఇష్టపడరు. వాళ్లందరి నోటా ఆమె "నువ్వు". జైలు నుంచి పారిపోయి వచ్చిన రింగో ఒక్కడే ఆమెను మర్యాదస్తురాలిగా చూస్తాడు. అతని నోట మొదటి మాట నుంచే "మీరు" రావాలి. ఇంగ్లీషు ప్రేక్షకుడు గొంతులో విన్నదాన్ని తెలుగు ప్రేక్షకుడు ఆ ఒక్క అక్షరంలో చదువుతాడు. హీరో కదా అని అతని చేత "నువ్వు" అనిపిస్తే సినిమా నడుము విరిగినట్టే.

నినోచ్‌కాలో దీనికి తిరగేసి చేయాలి. సోవియట్ అధికారిణిగా వేసిన గార్బో మొదటి సగమంతా "మీరు", అదీ ఆఫీసు ఫైలు భాషలో. రెస్టారెంట్లో నవ్వు పగిలిన తర్వాతే "నువ్వు". ఆ మార్పు ఎక్కడ పెట్టాలో నలుగురూ కూర్చుని తేల్చుకోండి, ఒక్కసారి మారాక వెనక్కి పోకూడదు. "కామ్రేడ్" అలాగే ఉంచండి. యూనియన్ జెండాల మధ్య పెరిగిన ఊరు మనది, ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. సినిమా మొదట్లో వచ్చే అక్షరాల కార్డులో రెండు చతుర్లున్నాయి. ఒకటి సైరన్ అనే మాటకున్న మోహిని, ప్రమాద ఘంట అనే రెండర్థాల మీద. రెండోది దీపం ఆర్పడం మీద: ఆ మంచి రోజుల్లో పారిస్‌లో ఎవరైనా దీపం ఆర్పితే విమానదాడికి భయపడి కాదు అని. మనకి సైరన్ అంటే కూతే కాబట్టి మొదటి చతురు దిగదు. దాన్ని వదిలేసి రెండోదాన్ని పూర్తిగా నిలబెట్టండి. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు పడిన విశాఖలో ఆ మాట పెద్దవాళ్లకి ఊరికే పోదు.

మిస్టర్ స్మిత్‌లో సెనేట్ సన్నివేశాల్లో ప్రతివాడూ "మిస్టర్ ప్రెసిడెంట్" అంటాడు. అది అమెరికా అధ్యక్షుణ్ని కాదు, సభ నడిపేవాణ్ని. మన శాసనసభల భాషలో "అధ్యక్షా!" అని ఒక్క మాట వేయండి, సరిగ్గా అతుకుతుంది. కథంతా ఒక నియమం మీద ఆధారపడింది: మాట్లాడే అవకాశం చేతిలో ఉన్న సభ్యుడు కూర్చోకుండా, బయటికి పోకుండా ఎంతసేపైనా మాట్లాడొచ్చు, ప్రశ్న కోసం తప్ప ఎవరికీ మాట వదులుకోనక్కర్లేదు. కాబట్టి "మాట వదులుకుంటారా?", "ప్రశ్నకి మాత్రమే, అధ్యక్షా" అని రెండు వాక్యాలు ఖాయం చేసుకుని, వచ్చిన ప్రతిసారీ అవే వాడండి. ఒక్కోచోట ఒక్కోలా రాస్తే అతను ఎందుకు కూర్చోవడం లేదో హాలుకి అందదు.

ఇంకోటి. మన క్రియ వాక్యం చివరికి వెళుతుంది. ఇంగ్లీషులో ఆఖరున పడే చతురు తెలుగులో మధ్యలోకి వచ్చేస్తుంది, నటుడు అనకముందే హాలు నవ్వేస్తుంది. అలాంటి డైలాగుని రెండు సబ్‌టైటిల్స్‌గా తుంచండి. మాటల్లో మూడో వంతు ఎలాగూ వదిలేయాలి. ఓన్లీ ఏంజెల్స్‌లో ఇద్దరు ముగ్గురు ఒకరి మీద ఒకరు మాట్లాడతారు, అక్కడ కథ మోసేవాడి మాట ఒక్కటే రాయండి.

సాగర_తీరం

ఇన్ని వివరాలు చెప్పినందుకు చాలా థ్యాంక్సండీ. వెల్వెట్ గుడ్డ కొలతలు టైలరుకి ఇచ్చేస్తాం. నాలుగో_వరస గారూ, గాన్ విత్ ద విండ్ లేదంటే మా పెద్దలు ఒప్పుకోవడం లేదు. వేస్తే ఎలా వేయాలి? ఇంటర్వెల్ సంగతేమిటి? ఓజ్‌కి ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

మద్దిలపాలెం_మ్యాట్నీ

వేయండి, కానీ ఆ ఆరింటిలో కాకుండా విడిగా, ఏడో ఆటగా. నాలుగో_వరస గారి వాదనతో నాకు సగమే ఏకీభావం. మట్టం చూపించాలన్నది నిజమే, కానీ అంత డబ్బు, అంత పట్టుదల ఒక్క సినిమా మీద ధారపోయడం కూడా ఆ వ్యవస్థ సంగతే. పైగా ఓజ్ పూర్తికాకుండానే విక్టర్ ఫ్లెమింగ్ దాన్ని వదిలి గాన్ విత్ ద విండ్‌కి వెళ్లాడు, ఓజ్‌లో కాన్సాస్ భాగం కింగ్ విడార్ తీశాడు. రెండూ చూస్తేనే ఆ గొలుసు అర్థమవుతుంది.

నిడివి 221 నిమిషాలు, ముందూ మధ్యా చివరా ఉన్న సంగీతంతో కలిపితే దాదాపు 238. మధ్యలో 20 నిమిషాల విరామం కలుపుకుంటే 4 గంటల 18 నిమిషాలు. మధ్యాహ్నం రెండున్నరకి మొదలుపెడితే ఏడులోపు అయిపోతుంది, గాజువాక, ఉక్కునగరం వైపు వెళ్లేవాళ్లు బస్సు అందుకుంటారు. సాయంత్రం ఆరుకి పెడితే రెండో సగంలో హాలు ఖాళీ అవుతుంది.

మొదట్లో బొమ్మ కదలకుండా సంగీతం మాత్రమే వస్తుంది. తెలియనివాళ్లు ప్రొజెక్టర్ ఆగిపోయిందనుకుంటారు. ఆ సంగీతం మొదలవగానే హాలు లైట్లు సగానికి దించండి, సెల్జ్‌నిక్ సంస్థ బోర్డు కనిపించగానే పూర్తిగా ఆర్పండి. ఇంటర్వెల్ కోసం మీరు చోటు వెతకనక్కర్లేదు, సినిమాలోనే ఉంది. ఎర్రటి ఆకాశం ముందు స్కార్లెట్ శపథం చేశాక కార్డు పడుతుంది, అక్కడికి దాదాపు గంటా ముప్పావు. విరామం తర్వాత మళ్లీ సంగీతం వస్తుంది. అదే మీ బెల్లు, దాన్ని సగం లైట్లలో మోగనివ్వండి, జనం వచ్చి కూర్చుంటారు. చివరి సంగీతాన్ని కోయకండి, తలుపులు తెరిచి దాని మధ్యనే పంపించండి.

సినిమాకి ముందు నాలుగు నిమిషాలు మాట్లాడాలి, తర్వాత కాదు. బానిసత్వాన్ని అదేదో హాయైన ఏర్పాటులా చూపించిన సినిమా ఇది. 1939 డిసెంబర్ 15న అట్లాంటాలో మొదటి ఆట వేసినప్పుడు అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల ఇందులో ఇంటి పనిమనిషి వేషం వేసిన హాటీ మెక్‌డానియెల్ రాలేకపోయింది. 1940 ఫిబ్రవరి 29న ఆస్కార్ అందుకున్న మొదటి నల్లజాతి నటి అయింది, ఆ రాత్రి కూడా ఆమెను మిగతా బృందంతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇది తెలిసి చూస్తే ఆమె ఉన్న ప్రతి సన్నివేశం బరువెక్కుతుంది. సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకి ఒక విన్నపం: ఆమె మాటల్ని శ్రీకాకుళం యాసలోకో మరో పల్లె యాసలోకో దించకండి. పనిమనిషి అనగానే మన ఉత్తరాంధ్ర యాస అతికించే అలవాటు ఇప్పటికే చాలా ఉంది. మామూలు తెలుగులో రాయండి, పెత్తనం ఆమె గొంతులోనే ఉంది.

ఓజ్ సంగతి. కాన్సాస్ భాగం సెపియా, అంటే గోధుమ రంగు. 1949 రీరిలీజు నుంచి నలభై ఏళ్లపాటు ఆ భాగం మామూలు నలుపు-తెలుపులో తిరిగింది, 1989లో సెపియా తిరిగొచ్చింది. మీ కాపీలో ఏది ఉందో ముందే చూడండి. దీనిమీదే అసలు గమ్మత్తు ఆధారపడి ఉంది. డొరొతీ తలుపు తెరిచే షాట్ మొత్తం రంగుల ఫిల్ము మీదే తీశారు. ఇంటి లోపలి గోడలకి గోధుమ రంగు వేశారు, గోధుమ రంగు గౌనుతో ఒక డూప్ వెళ్లి తలుపు తీస్తుంది, ఆమె పక్కకు తప్పుకోగానే నీలిగళ్ల గౌనులో జూడీ గార్లండ్ బయటికి అడుగుపెడుతుంది. తలుపుకి ముందు షాట్‌లోని గోధుమ రంగు, తలుపు దగ్గరి గోధుమ రంగు కలిసిపోతే మీ ప్రొజెక్టర్ బాగున్నట్టు. నలుపు-తెలుపు సినిమాల కోసం ఎవరైనా కలర్ సున్నాకి దించి మర్చిపోతే ఆ వారం పరువు అక్కడే పోతుంది.

రంగు ఎక్కువైందా అని చూడటానికి ఎర్ర బూట్లు చూడండి. పుస్తకంలో అవి వెండి బూట్లు, టెక్నికలర్ కోసం ఎరుపు చేశారు. దగ్గరి షాట్‌లో తళుకులు విడివిడిగా మెరవాలి. ఎర్ర ముద్దలా కనిపిస్తే కలర్ పది పాయింట్లు దించండి.

పాత_పోస్టరు

అనుమతుల గురించి ఎవరూ అనలేదు. ఇంట్లో చూడటానికి కొన్న డిస్కు హాల్లో వేసే హక్కు ఇవ్వదు. మన చట్టంలో సినిమాకి గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అమెరికాలో 1939 సినిమాలకి 95 ఏళ్లు, అంటే 2034 చివరిదాకా. మన గడువు చూసి ధీమా పడొద్దు, లోపలి పాటలకి విడిగా హక్కులుంటాయి. ఓజ్ పాటల బాణీలు కట్టిన హెరాల్డ్ ఆర్లెన్ పోయింది 1986లో, స్వరకర్త పోయాక మన లెక్కలో ఇంకో 60 ఏళ్లు. కాబట్టి పంపిణీదారుకి రాసి, తేదీ, హాలు, కుర్చీల సంఖ్య వేసిన కాగితం చేతిలో పెట్టుకోండి. కనీసం రెండు నెలల ముందు అడగండి. బయటివాళ్లకి వేస్తే సెన్సార్ సర్టిఫికెట్ ప్రశ్న కూడా వస్తుంది. ఫెస్టివళ్లకి మినహాయింపు ఇచ్చేది కేంద్ర సమాచార, ప్రసార శాఖ.

ఇంకో మాట. హాలు బయట ఒక బోర్డు మీద 1939 తెలుగు సినిమాలు కూడా పెట్టండి. బి.ఎన్.రెడ్డి వందేమాతరం, గూడవల్లి రామబ్రహ్మం రైతుబిడ్డ, వై.వి.రావు మళ్ళీపెళ్ళి, భానుమతి తొలి సినిమా వరవిక్రయం నాలుగూ ఆ ఏడాదివే. జమీందారీ, వితంతు వివాహం, వరకట్నం: మనవాళ్లు అదే ఏడాది వీటి మీద సినిమాలు తీస్తున్నారు. పిల్లలకి ఈ సంగతి తెలియదు. స్మిత్ ఆడే వారం రైతుబిడ్డ గురించి రెండు ముక్కలు చెప్పండి, రెండూ పెద్దమనుషుల కోపం చూసినవే.

నాలుగో_వరస

ఏడో ఆటగా విండ్ అంటే నాకు అభ్యంతరం లేదు. స్మిత్‌కి మాత్రం ఇంటర్వెల్ ఇవ్వకండి. 129 నిమిషాలు మరీ ఎక్కువంటే లింకన్ స్మారకం దగ్గర రాత్రి సన్నివేశం అయ్యాక అయిదు నిమిషాలు ఆపండి. అప్పటికి మూడింట రెండు వంతులు అయిపోతుంది, కానీ కథ ఊపిరి తీసుకునే చోటు అదొక్కటే. సరిగ్గా సగానికి చూసి కోస్తే మాట మధ్యలో తెగుతుంది.

తెర_వెనక

ఒక్కటి మర్చిపోయాను, సముద్రం పక్క ఊరు కాబట్టి చెప్పాలి. ప్రొజెక్టర్‌ని ఏసీ గదిలో ఉంచి, ఆట రోజు తేమ గాలిలోకి తీస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడవకండి, ఉప్పుగాలి రేణువులు గీతలు పెడతాయి. సంచిలోంచి తీయకుండా ముప్పావు గంట హాల్లో ఉంచండి. హాలు ఏసీ రెండు గంటల ముందే వేయండి. నిల్వ చేసే పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి నెలకోసారి మార్చండి. వానాకాలంలో లెన్సుకి బూజు పట్టేది ఇక్కడే.

ప్రతి శనివారం రాత్రి సినిమా మొదటి పది నిమిషాలు, మధ్య పది, చివరి పది సబ్‌టైటిల్స్‌తో సహా హాల్లోనే ఆడించి చూడండి. ఓజ్ వారం మాత్రం తలుపు దగ్గర్నుంచి ఇంకో అయిదు నిమిషాలు కలపండి.